లేదుగారి బంగారం

మా ఆయన్ని ఆఫీసులో లేదుగారు అంటారు. ఎదురుగా అనరు, ఆ మాత్రం మర్యాద ఉంది వాళ్లకి. ఆయన భూగర్భశాస్త్రవేత్త. భూమి అడుగున ఏ లోహం ఎక్కడుందో కనిపెట్టి చెప్పడం ఉద్యోగం. చేరిన నాటి నుంచి రాగి కోసం ఒక లోయ, సీసం కోసం ఒక గుట్టల వరస, మాంగనీసు కోసం చెట్టు నీడైనా లేని ఒక మైదానం, ఇలా సంస్థ వేలు పెట్టి చూపించిన చోటల్లా ఎండలో తిరిగి, రంధ్రాలు వేయించి, పరీక్షలు చేయించి, చివరికి ప్రతి నివేదికలోనూ ఒకే సంగతి రాస్తూ వచ్చారు. మర్యాదగానే రాసేవారు. "లాభసాటి పరిమాణంలో నిక్షేపం ఉన్నట్టు ఆధారాలు లభించలేదు" అని. ఎంత సాగదీసినా ఆ వాక్యం తోక దగ్గరికి వచ్చేసరికి లేదు అనే తేలేది.

తప్పు ఆయనది కాదు. భూమిలో చాలా చోట్ల ఏమీ ఉండదట. ఈ రహస్యం తెలుసుకోవడానికి అంత చదువెందుకని నేను అడిగితే, ఏమీ లేదని నమ్మకంగా చెప్పడానికే ఎక్కువ చదువు కావాలనేవారు. నిజమే కాబోలు. నేను కాలేజీలో చరిత్ర చదివాను. ఆయన లెక్కలో అది చదువే కాదు, నిన్నటి పేపరు. ఏ రాజ్యం గురించైనా నోరు తెరిస్తే, "మొన్న మొన్నటి సంగతులు మనకెందుకులే" అంటారు. కోట్ల ఏళ్లకు తక్కువైనది ఏదీ ఆయన చెవికెక్కదు. వంటింట్లో కుళాయి కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా కదలకపోవడానికి కూడా కారణం అదే అయి ఉంటుంది. ఆయన దృష్టిలో ఆ కారడం ఇంకా మొదలైనట్టే కాదు.

పెళ్లికి ముందు, అబ్బాయి గనుల సంస్థలో పని చేస్తాడని విని మా అమ్మ లోలోపల ఏం ఊహించుకుందో నాకు తెలియదు. ఇంటికి వచ్చినవి మాత్రం రాళ్లు. పుస్తకాల అల్మరాలో, చెప్పుల స్టాండులో, స్నానాల గదిలో సబ్బు పక్కన. ఒకసారి మా మరిది సబ్బనుకుని ఒకదానితో ఒళ్లు రుద్దుకున్నాడు కూడా. కొత్త రాయి చేతికొస్తే ఈయన ముందు కళ్లజోడు నుదుటి మీదికెత్తి చూస్తారు, తర్వాత నాలుకతో తడిపి చూస్తారు. తడిస్తే రంగు బాగా తేలుతుందట. నా వంటలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఒక్కరోజూ చెప్పలేకపోయిన నాలుక అది.

పెళ్లి ఉంగరం సంగతి కూడా చెప్పాలి. పెళ్లయిన కొత్తల్లోనే ఆయన దాన్ని తీసి బీరువాలో పెట్టేశారు. మా ఆడపడుచు కనిపెట్టింది. కనిపెట్టడం వాళ్ల వంశంలోనే ఉంది. కాకపోతే ఆవిడకి వెతికిన చోటల్లా ఏదో ఒకటి దొరికేది. అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, మీ ఇద్దరి మధ్యా ఏమైనా జరిగిందా అమ్మాయీ అని గొంతు తగ్గించి అడిగారు. నాకేం తెలుసు? చివరికి ఆయనే అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. రాతిపొడిలో చెయ్యి పెడితే ఆ పొడి ఉంగరాన్ని గీరుతుంది. కంటికి ఆననంత బంగారం అందులో కలుస్తుంది. ల్యాబులో యంత్రానికి అది చాలు. లేని గనిని పుట్టించడానికి ఒక్క ఉంగరం చాలన్నారు. అత్తగారు అంతా విని, ఆయన్ని వదిలేసి నా వైపు జాలిగా చూశారు.

రాళ్లు పొడి చేసే ఆయన షెడ్డులోకి బంగారంతో ఎవరూ అడుగు పెట్టకూడదు. ఒకసారి నేను క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే, గుమ్మంలోనే ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడ్డారు. గాజులూ కమ్మలూ తీయించి గానీ లోపలికి రానివ్వలేదు. దారిదోపిడీ వాళ్లయినా కమ్మలు వదిలేస్తారేమో అన్నాను.

"వాళ్లకి శాంపిళ్లు పాడవుతాయన్న బెంగ లేదు కదా," అన్నారు, డబ్బా మూత బిగిస్తూ.

రిటైరవడానికి ముందు ఆయన వాటాకి ఒక కొండ వచ్చింది. బోడి కొండ. దాని పాదం దగ్గర ఒక బస్తీ, బస్తీకి ఒక సన్నపాటి రోడ్డు. కొండలో బంగారం ఉండవచ్చని ఎవరో ఎప్పుడో అన్నారట. ఎవరన్నారో, ఎందుకన్నారో తెలియని మాటలకే సంస్థలు కదులుతాయి. యంత్రంతో కొండలోకి రంధ్రం వేస్తే, లోపలి రాయి టార్చిలైటు లావున పొడుగాటి కడ్డీలా బయటికి వస్తుంది. ఆ కడ్డీని నిలువుగా రెండుగా కోస్తారు. ఒక సగాన్ని పొడి చేసి ల్యాబుకు పంపుతారు. రెండో సగాన్ని పెట్టెలో దాస్తారు, రేపు ఎవరైనా మీ మాట నమ్మం అంటే తీసి చూపించడానికి. మొగుడూ పెళ్లాల మాటలకి కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటే ఎన్ని కాపురాలు బాగుపడేవో.

రంధ్రం తర్వాత రంధ్రం వేశారు. కొండ నోరు విప్పలేదు. ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండానే, "ఒక్కసారి ఉంది అని రాసి రిటైరైపోవాలని ఉందే," అన్నారు. ఆ మాట ఆయన అంతకు ముందెప్పుడూ పైకి అనలేదు. నేను మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపాను.

అప్పుడు వచ్చారు కొత్త డైరెక్టరుగారు. ఆయన అంతకు ముందు సిమెంటు, దానికి ముందు పాలు, దానికి ముందు బీమా నడిపారట. రాయికీ ఇటుకకీ తేడా ఏమిటని అడిగితే కమిటీ వేసే మనిషి. కుడిచేతి వేళ్లకి ఉంగరాలు, బొటనవేలికి తప్ప. దానికి సెల్‌ఫోన్ అడ్డం వస్తుంది కాబట్టి వదిలేసి ఉంటారు. మొదటి సమావేశంలోనే మా ఆయన్ని నిలబెట్టి, మీరు ఎప్పుడూ ప్రతికూలంగా ఆలోచిస్తారని విన్నాను, ఇకనుంచి ఆశావహంగా ఆలోచించండి అని సలహా ఇచ్చారట. లోపం కొండలో కాక ఈయన మనస్తత్వంలో ఉందని అంతమంది ముందు తేల్చేసినందుకు అందరూ బల్లలు చరిచారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. బంగారం ఉంది. కొద్దోగొప్పో కాదు, బాగా ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లోకి వచ్చిన మనిషి మా ఆయనేనని నేను పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. స్నానాల గదిలో పాట పాడారు. ఉప్పు వేయడం మర్చిపోయిన కూరని అద్భుతం అన్నారు. కుళాయి కూడా బాగు చేశారు. అత్తగారికి ఫోన్ చేసి గట్టిగా చెప్పారు. ఆవిడ బంగారం అన్న మాట ఒక్కటే విని, ఎంత కొన్నావురా అని అడిగారు. ఆయన నవ్వి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. కూరగాయల కొట్లో తూకం రెండుసార్లు వేయించే మనిషి, ఈ ఫలితాలని మాత్రం ఒక్కసారి చూసి నమ్మేశారు. అన్నేళ్లు ఎదురుచూసిన చుట్టం గుమ్మంలోకి వస్తే గుర్తింపు కార్డు చూపించమని ఎవరు అడుగుతారు?

డైరెక్టరుగారు ఊరంతా చాటారు. పెద్ద హాలు మాట్లాడి అభినందన సభ పెట్టారు, బోర్డు సభ్యులని పిలిచారు. ఈ లోపల కొలతల వాళ్లు కొండ కింద బస్తీకి వెళ్లి, ఖాళీ చేయాల్సిన ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గింది. పరిహారం ఇస్తారులే అన్నారు, నేను అడగకముందే.

సభ ముందర డైరెక్టరుగారు మా ఇంటికి ఒక కానుక పంపించారు. పటం కట్టించిన ఫొటో. అందులో మా ఆయన లేరు. డైరెక్టరుగారు షెడ్డులో ట్రే ముందు నిలబడి, రాతిపొడిలోకి మణికట్టు దాకా చెయ్యి దించి, గుప్పెడు పొడి ఎత్తి వేళ్ల సందుల్లోంచి జారుస్తున్నారు. చూపు మాత్రం దూరంగా ఎక్కడో ఉంది, అంటే కెమెరా వైపు. నేను దాన్ని హాల్లో గోడకి తగిలించాను. రోజూ పిండి కలిపేదాన్ని కాబట్టి ఆ భంగిమ చూడగానే నవ్వొచ్చింది.

"మీ డైరెక్టరుగారు ఎప్పుడూ వంటింట్లోకి వెళ్లినట్టు లేరండీ. పిండిలో చెయ్యి పెట్టే ముందు ఉంగరాలు తీయాలని కూడా తెలియదు," అన్నాను.

ఆయన పేపరు దించి ఫొటో వైపు చూశారు. తర్వాత లేచి, పటం మేకు నుంచి తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, రాయిని చూసినట్టు కళ్లజోడు ఎత్తి చూశారు. నాలుకతో తడపడం ఒక్కటే చేయలేదు.

పటం బల్ల మీద పెట్టి చెప్పారు. ఆ ఫొటో పొడిని ల్యాబుకి పంపకముందు తీసిందట. ఆ రోజు ఫొటోగ్రాఫర్ రకరకాల కోణాలు కావాలన్నాడట. డైరెక్టరుగారు ఓపిగ్గా ఒక ట్రే తర్వాత ఒక ట్రేలో చెయ్యి పెట్టి కలియతిప్పారట. ఆ ట్రేలు ఏవో ఈయనకి గుర్తున్నాయి. బంగారం దొరికిందన్నవి కూడా అవే. వెలుతురు బాగాలేదని ఫొటోగ్రాఫర్ వద్దన్న ట్రేలలో చిల్లిగవ్వ లేదు.

"మరి ఉంగరాలు తీయమని అడగలేదేం?"

"ఎలా అడగను? పైఅధికారి."

"నా కమ్మలు తీయించారు."

"నువ్వు నా భార్యవి."

"అంటే కింది ఉద్యోగినా?"

ఆ రోజు అడగబోయి డబ్బా చేతిలోకి తీసుకున్నారట కూడా. అందరూ చూస్తున్నారు, డైరెక్టరుగారు నవ్వుతూ వస్తున్నారు. డబ్బా వెనక్కి పెట్టుకున్నారట. పెళ్లి ఉంగరానికి లొంగని మనిషి అధికారి ఉంగరానికి తల వంచారు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన మొహం చూస్తే కోపానికి చోటు కనిపించలేదు.

మర్నాడు ఆ రాళ్ల రెండో సగాలు పెట్టెల్లోంచి తీసి, తన చేత్తో పొడి చేసి, తనే ల్యాబుకి పట్టుకెళ్లారు. ఎవరికీ చెప్పలేదు. ఫలితం రావడానికి వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నేను ఒక మంచి పని చేయబోయాను, అంటే చెడ్డ సలహా ఇచ్చాను. ఇన్నేళ్లూ ఉన్నది ఉన్నట్టు రాశారు, ఎవరు మెచ్చుకున్నారు, ఈ ఒక్కసారికి ఊరుకోండి, మీరు రిటైరయ్యాక వాళ్లే తవ్వుకుని వాళ్లే తెలుసుకుంటారు అన్నాను. ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"తవ్వాక తెలుసుకుంటారు. అప్పటికి ఆ ఇళ్లు ఉండవు కదే," అన్నారు.

నేను చరిత్ర చదివినదాన్ని. ఇలాంటి చోట ఎంతమంది ఊరుకున్నారో, ఆ తర్వాత ఏమైందో పరీక్షల కోసం బట్టీ పట్టినదాన్ని. క్యారియర్ తెచ్చి ఆయన చేతికిచ్చాను.

ఫలితం సరిగ్గా సభ రోజు పొద్దున వచ్చింది. లేదు.

హాలు వెనక ఒక చిన్న గది ఉంది. మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారు. డైరెక్టరుగారు టై సరిచేసుకుంటూ లోపలికి వచ్చారు. మా ఆయన లేచి నిలబడి, "సార్, ఒకసారి మీ చెయ్యి చూపిస్తారా," అన్నారు.

"మీకు చెయ్యి చూడటం కూడా వచ్చా?" డైరెక్టరుగారు ఉత్సాహంగా అరచెయ్యి చాపారు. "బోర్డులోకి ఎప్పుడు వెళ్తానో చెప్పండి."

ఈయన ఆ చేతిని మెల్లగా తిప్పారు. "ఇటు కాదు సార్, వెనకవైపు. కొండలో మనకు దొరికిందంతా ఇక్కడుంది."

తర్వాత అంతా చెప్పారు. ట్రేలు, ఫొటోలు, రెండో సగాలు. డైరెక్టరుగారు చెయ్యి వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నారు. ఈ రెండో పరీక్ష గురించి ఎవరెవరికి తెలుసని అడిగారు. "ల్యాబుకి, నాకు, ఇదిగో మా ఆవిడకి," అన్నారు ఈయన. డైరెక్టరుగారు నా వైపు చూశారు. నేను వీలైనంత తెలివితక్కువగా నవ్వాను. ఆ నవ్వు నాకు బాగానే వచ్చు, చుట్టాలిళ్లలో సాధన చేశాను.

"ఈ పూటకి ఉండనిద్దాం. తర్వాత మెల్లిగా చూసుకుందాం," అన్నారాయన.

"మెల్లిగా అంటే ఇళ్లు కూల్చాకా సార్?"

"ఇళ్లు మన శాఖ కాదు."

"మీరు చెప్పకపోతే మైకులో నేను చెప్తాను." ఈయన మెల్లిగానే అన్నారు. కానీ మాట మాత్రం చివరిదాకా వచ్చింది. ఈ మాట అప్పుడే షెడ్డు గుమ్మంలో వచ్చి ఉంటే ఈ గదిలోకి వచ్చే అవసరమే ఉండేది కాదు. కానీ వచ్చింది, అది చాలు.

డైరెక్టరుగారు అద్దంలో చూసుకుని, దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. దువ్వుకునేంతసేపే ఆలోచించారు. అంత తక్కువ సమయంలో అంత దూరం ఆలోచించగల మనిషి సిమెంటులోనూ పాలలోనూ ఎలా పైకొచ్చారో నాకు అప్పుడు అర్థమైంది.

వేదిక ఎక్కి ఆయన చెప్పింది ఇది. మన సంస్థలో నాణ్యత ఎంత పకడ్బందీగా ఉందో తెలుసుకోవాలని తాను ఒక రహస్య పరీక్ష పెట్టారు. కావాలనే ఉంగరాలతో రాతిపొడిలో చెయ్యి పెట్టారు. మన వాళ్లు పట్టుకుంటారా లేదా అని ఇన్నాళ్లూ ఎదురుచూశారు. పట్టుకున్నారు. కొండలో బంగారం లేకపోవచ్చు, మన సిబ్బందే మన బంగారం. హాలు చప్పట్లతో ఊగిపోయింది. బోర్డు సభ్యుల్లో ఒకాయన కళ్లు తుడుచుకున్నారు. గనిని కనిపెట్టినందుకు చేయించిన జ్ఞాపికనే, కనిపెట్టనందుకు మా ఆయన చేతిలో పెట్టారు. దాని మీద అక్షరాలు మార్చే సమయం లేదు కాబట్టి చదవకుండా ఇచ్చారు.

రెండు మాటలు మాట్లాడమన్నారు. ఈయన మైకు దగ్గరికి వెళ్లి, దాన్ని ఒకసారి తట్టి చూశారు. డైరెక్టరుగారు పక్కనే చిరునవ్వు బిగించి నిలబడ్డారు.

"అది పరీక్ష అని నాకు తెలియదు. సార్ షెడ్డులోకి వచ్చినప్పుడు ఉంగరాలు తీయమని అడగాలి. అడగడం నా పని. భయపడి అడగలేదు. బంగారం రాగానే సంతోషంలో రెండోసారి చూడలేదు, అది కూడా నా పనే. ఆ కొండలో తవ్వడానికి ఏమీ లేదు."

అంతే చెప్పి దిగి వచ్చేశారు. చప్పట్లు కొట్టాలో వద్దో హాల్లో ఎవరికీ తెలియలేదు. అందరికన్నా ముందు డైరెక్టరుగారే కొట్టారు. ఎంత వినయం, చూశారా, అన్నారు మైకులో. నిజాన్ని వినయంగా మార్చేయడం కూడా ఒక విద్యే.

ఈయన నా పక్కన వచ్చి కూర్చున్నారు. జ్ఞాపిక నా ఒళ్లో పెట్టి, బాగా చెప్పానా అని అడిగారు. మైకు కాస్త దూరంగా పెట్టుకుని ఉండాల్సింది అన్నాను.

తర్వాత వారం కొండ మూసేశారు. కొండని మూయడమేమిటి అనుకోకండి. వేసిన ప్రతి రంధ్రంలోనూ సిమెంటు పోసి, పైన మూత పెట్టి వెళ్లాలి. అన్నేళ్లలో ఒక్కసారీ పిలవని మనిషి, ఆ రోజు వస్తావా అని అడిగారు. వెళ్లాను. కొండ నేను అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు. ఈ మాత్రం దానికోసమా నేను అన్ని సాయంత్రాలు అన్నం వేడి చేసింది అనిపించింది. చివరి రంధ్రంలో సిమెంటు ఆయనే పోశారు. తాపీతో పైభాగం నున్నగా చేసి, చేసిందే మళ్లీ చేశారు. నేను ఎండలో నిలబడి చూస్తున్నాను. తొందరేం లేదన్నట్టు చేశారు. నేనూ తొందర పెట్టలేదు.

దిగి వచ్చేటప్పుడు బస్తీలో మొదటి ఇంటి ముందు ఒకావిడ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. గోడ మీద ఎర్ర గుర్తు ఇంకా తడి ఆరనట్టే మెరుస్తోంది. ఈయన ఆగి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు.

"కొండలో బంగారం లేదమ్మా. మీరు ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు," అన్నారు.

ఆవిడ నోట్లో ఉన్న క్లిప్పు తీసి దుప్పటికి పెట్టింది. ఇంకోటి తీసి రెండో కొసకి పెట్టింది. తర్వాత ఈయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"లేదని చెప్పడానికా ఇన్నాళ్లూ తవ్వారు?"

"అవునమ్మా."

"మరి మీ లారీలు రోడ్డంతా గుంతలు చేసి పోయాయి. అది ఎవరు బాగు చేస్తారు?"

ఆయన నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. మీ శాఖ కాదని చెప్పేయండి అని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆయన అప్పటికే రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక గుంతలో వేలు పెట్టి లోతు చూస్తున్నారు.

"సిమెంటు కొంచెం మిగిలింది," అన్నారు ఆవిడతో. "బకెట్టు ఉందా?"

ఆవిడ లోపలికి వెళ్లి బకెట్టు తెచ్చింది. ఇచ్చే ముందు, పని అవగానే కడిగి ఇవ్వమని చెప్పింది.